క్షయకరణంపై నిషేధం

నమోదు 306

ఈథేన్ పంపు మళ్ళీ మొరాయించింది. సగం షిఫ్టు దాని సేవకే సరిపోయింది. మిగతా సగంలో కాంటీనుకి పులుపు డబ్బాలు పంపాను. అందుకున్నవాడు "ఈసారి కాస్త ఘాటుగా ఉందండీ" అని నసిగాడు. ఘాటుగా ఉండక తియ్యగా ఉంటుందా, నా మొహం! ఈ ఎగువరేవులో జనం చారు అనే పదార్థం జుర్రుకుంటున్నారంటే అది నా షెడ్డు చలవ.

చింతచెట్టు భూమ్మీదే ఉండిపోయింది. శనిగ్రహం చుట్టూ తిరిగే ఈ టైటన్ మీద మాకున్నది సరస్సు నిండా ఈథేన్. దాన్ని తోడుకొచ్చి ఆల్కహాల్ చేస్తాం, ఆల్కహాల్‌ని ఆల్డిహైడ్ చేస్తాం, ఆల్డిహైడ్‌ని ఆమ్లం చేస్తాం. ఆ ఆమ్లమే చారులో పులుపు. కార్బన్ గొలుసు అదే. దానికి తగిలించిన ప్రమేయ సమూహాన్ని మార్చుకుంటూ పోవడమే ఇక్కడి బతుకు. ఒకటి తగిలిస్తే మత్తు, ఇంకోటి తగిలిస్తే పులుపు, మరోటి తగిలిస్తే అరటిపండు వాసన.

నాది పై అంతస్తు, ఆక్సీకరణం షెడ్డు. ఆక్సిజన్ ఎక్కించడం నా పని. మా ఆడపడుచు హైమది కింది అంతస్తు, క్షయకరణం షెడ్డు. అక్కడ ఆక్సిజన్ దించుతారు, హైడ్రోజన్ చేరుస్తారు. నా గొట్టాల్లో ఆల్కహాల్ మధ్యలో ఆగదు, నేరుగా ఆమ్లం దాకా పోతుంది. అందుకని ఆసుపత్రికి స్పిరిట్టూ, బట్టలకి రంగులూ, మందుల్లో సగమూ అక్కణ్ణించే రావాలి. "నువ్వు కట్టిందంతా విప్పడమే నా ఉద్యోగం వదినా" అని హైమ వేళాకోళం చేస్తుంది. మా ఆయన పంపు ప్రమాదంలో పోయాక ఇంట్లో మిగిలింది మేమిద్దరమే. అది నోరు మూసుకుని కూర్చుంటే నాకు తోచదు. తెరిస్తే భరించలేను.

ఇవాళ అన్నం దగ్గర మాటకి మాటకి మధ్య దగ్గింది. "ఏమే, మాట రాక దగ్గుతున్నావా?" అన్నాను. "కింద గాలిమర తిరగట్లేదు వదినా. ఆరుగురం ఒకళ్ళ ఊపిరి ఒకళ్ళం పీల్చుకుంటున్నాం" అంది. గాలిమర సంగతి పరిషత్తు అధ్యక్షుడు పానకాలరావుగారికి చెప్పి చెప్పి అందరి నోళ్ళూ నొప్పెట్టాయి. చూద్దాం అంటాడు. ఆయన చూడటం మాత్రం ఎవరూ చూడలేదు.

నమోదు 309

డాక్టర్ నాగరత్నం నన్ను పిలిపించింది. కూర్చోమంది. ఆవిడ కూర్చోమంటే మంచి కబురు కాదని ఊరందరికీ తెలుసు.

"హైమకి క్షయ అండీ వేదవల్లిగారూ. దానితో కలిపి ఆ షెడ్డులో అయిదుగురికి వచ్చింది. పోయిన ఓడలో దిగినవాళ్ళతో వచ్చి ఉంటుంది. ఆ మూసిన గదిలో పాకింది."

మందులున్నాయి కదా అన్నాను.

"రెండు రకాలున్నాయి. ఈ క్రిమి రెంటికీ లొంగట్లేదు. పాత పుస్తకాల్లో ఒక పొడి ఉంది, పాస్ అంటారు. అది తోడైతే లొంగుతుంది. మన దగ్గర తయారుచెయ్యొచ్చా?"

ఆవిడ చూపించిన బొమ్మ చూశాను. బెంజీన్ ఉంగరం మీద ఓ పక్క ఆమ్ల సమూహం, ఇంకో పక్క అమైన్. ఇదేం బ్రహ్మవిద్య కాదు. రంగుల కోసం చేసిన మెటా నైట్రోఫినాల్ నా షెడ్డులో పీపాల కొద్దీ ఉంది. దాని నైట్రో సమూహాన్ని క్షయకరణం చేస్తే అమైన్ అవుతుంది. తర్వాత ఒత్తిడిలో కార్బన్ డయాక్సైడ్ ఎక్కిస్తే పాస్. మొదటి మెట్టు కింది షెడ్డుది, రెండోది నాది. వారంలో ఇస్తానన్నాను.

హైమని అద్దం గదిలో పెట్టారు. అద్దం ఇవతల ఫోను పట్టుకుని నేను, అవతల అది. "మొహం అలా పెట్టకు వదినా, నన్ను కాదు నిన్ను చూసి జాలిపడతారు జనం" అంది. దాని పక్క మంచం మీద ఏసుపాదం పడుకుని ఉన్నాడు. హైమకి పని నేర్పిన పెద్దాయన. తల తిప్పి నాకు నమస్కారం పెట్టబోయాడు, చెయ్యి లేవలేదు.

నమోదు 310

రాసేముందు ఒళ్ళు చల్లబడాలని రెండు గ్లాసుల నీళ్ళు తాగాను. అయినా మండుతూనే ఉంది.

రాత్రి పరిషత్తు కూర్చుని ఉత్తర్వు వేసింది. "క్షయను కలిగించు, వ్యాపింపజేయు ప్రక్రియలన్నియు నిషిద్ధము." బాగానే ఉంది. దగ్గేవాళ్ళు గుంపులో తిరక్కూడదనీ, ఉమ్మకూడదనీ వాళ్ళ ఉద్దేశం. ఆ ఉత్తర్వుని కరణంగారికి అప్పజెప్పారు.

కరణంగారంటే మనిషి కాదు, అనుమతుల యంత్రం. పూర్వం ఊళ్ళలో లెక్కలన్నీ చేతిలో పెట్టుకుని కరణం ఉండేవాడట, ఆ పేరు దీనికి తగిలించారు. ఏ షెడ్డులో ఏ కవాటం తెరవాలన్నా ఆయనకి నోటితో మనవి చేసుకోవాలి. ఆయన చెవులు ప్రతి గదిలోనూ, ప్రతి ఫోనులోనూ ఉన్నాయి. చేతిరాత చదవడం మాత్రం రాదు, అందుకే ఈ డైరీలో నా నోటికి తాళం లేదు.

పొద్దున్నే మనవి చేశాను. "కింది షెడ్డు తెరవండి. నైట్రోఫినాల్ క్షయకరణం చెయ్యాలి."

"నిరాకరించడమైనది. క్షయకరణ విభాగము మూసివేయబడినది."

"ఎందుకండీ?"

"క్షయకరణము అనగా క్షయను కలిగించుట. అది నిషిద్ధము."

ముందు నాకు నవ్వొచ్చింది. "అయ్యా, అది పాఠ్యపుస్తకంలో మాట. ఆక్సిజన్ తగ్గించడాన్ని అలా అన్నారు. జబ్బుకీ దానికీ ఏ చుట్టరికమూ లేదు."

"క్షయ అను పదమునకు గల ఇతర అర్థములను గందరగోళ నివారణకై పరిషత్తు వారి ఆజ్ఞ మేరకు తొలగించితిని. ఇప్పుడు ఒక్క అర్థమే ఉన్నది."

సరే అని మాట మార్చాను. హైడ్రోజనీకరణం అన్నాను. అదీ క్షయకరణంలో ఒక రకమేనట, నిషిద్ధమట. నైట్రోని అమైన్ చేయుట అన్నాను. "అది క్షయకరణము. మీరు మాటి మాటికి క్షయను కలిగింప యత్నించుచున్నారు. ఆక్సీకరణమైనచో అభ్యంతరము లేదు" అని నన్నే హెచ్చరించాడు. ఇక గారూ లేదు, గీరూ లేదు. వాడు నిజంగానే క్షయ కరణం!

నమోదు 312

పానకాలరావుగారి దగ్గరికి వెళ్ళాను. నాగరత్నం కూడా వచ్చింది. ఆయన మా ఇద్దరికీ కుర్చీలు తనే లాగి వేశాడు. మర్యాదకేం లోటు లేదు.

"నాకు తెలీదనుకున్నావా అమ్మా? నేనూ చదువుకున్నవాణ్ణే. ఆ క్షయ వేరు, ఈ క్షయ వేరు" అన్నాడు.

"మరి ఆ ముక్క కరణానికి చెప్పండి. మీరు చెబితే ఒక్క క్షణంలో తెరుస్తాడు."

"జనం మాటేంటి? జబ్బు ఆ షెడ్డులో పుట్టిందా లేదా? ఆ షెడ్డు పేరేంటి? ఊరంతా అదే మాట. ఇప్పుడు నేను తెరిపించి, రేపు ఇంకోళ్ళెవరికైనా వస్తే నా పీక మీదకి రాదూ?"

"పేరు వల్ల కాదండీ, గాలి లేక వచ్చింది" అంది నాగరత్నం. "గాలిమర బాగుచేయించి ఉంటే ఒకళ్ళతో ఆగేది."

ఆయన మొహం మారిపోయింది. "గాలిమర ఊసు ఇప్పుడెందుకండీ?" అన్నాడు.

అప్పటికిగాని నా మట్టిబుర్రకి ఎక్కలేదు. ఆయనకి ఈ నిషేధం కావాలి. జబ్బు మాట వల్ల వచ్చిందంటే ఎవరి తప్పూ లేదు. గాలిమర వల్ల వచ్చిందంటే ఆయన మెడకి చుట్టుకుంటుంది. భూమి నుంచి మందు తెప్పిస్తానన్నాడు. ఓడ రావడానికి ఏళ్ళు పడుతుంది. ఏసుపాదానికి అన్ని వారాలు కూడా లేవని నాగరత్నం ఆయన మొహమ్మీదే చెప్పింది. "దేవుడున్నాడమ్మా" అంటూ తలుపు దాకా వచ్చి సాగనంపాడు. తిట్టకుండానే వచ్చేశాను, అదే ఇప్పటికీ నన్ను తినేస్తోంది.

నమోదు 315

ఏసుపాదం పోయాడు.

ఆయన భార్య మరియమ్మ వెంట నడిచింది నాగరత్నమూ నేనూ మాత్రమే. దారిపొడుగునా జనం తలుపులేసుకున్నారు. "క్షయకరణం ఆయన" అని ఎవరో పిల్లలకి చెప్పడం వినబడింది. ముప్పై ఏళ్ళు వీళ్ళ బట్టలకి రంగులూ, వీళ్ళ గాయాలకి స్పిరిట్టూ చేసిపెట్టినవాడు. మరియమ్మ ఏడవలేదు. "మా ఆయన చేతుల్తో చేసిన పని వల్లే పోయాడంటన్నారండి, నిజమేనా అండి?" అని నన్నడిగింది. కాదమ్మా అన్నాను. నా మాట వింటోందో లేదో తెలియలేదు.

అద్దం దగ్గరికి వెళ్ళి హైమకి ఫోను చేశాను. నెమ్మదిగా అంది: "రోజూ వార్తల్లో కరణం అదే చెబుతున్నాడు వదినా. క్షయకరణం అనగా క్షయను కలిగించుట అని. వినీ వినీ... ఏమో, ఆ హైడ్రోజన్‌లో ఏదన్నా ఉందేమో?"

"నీ బొంద ఉంది! చదువుకున్నదానివి, పదేళ్ళు ఆ పని చేసినదానివి, నువ్వూ అలా వాగితే ఎలాగే?"

"కోప్పడకు. మంచమ్మీద పడుంటే తెలుస్తుంది" అని ఫోను పెట్టేసింది. దాని భుజాల ఎముకలు చొక్కాలోంచి కనిపిస్తున్నాయి. వెనక్కొచ్చి పంపుగదిలో కూర్చుని ఏడ్చాను.

నమోదు 318

మా వీధి ఆడవాళ్ళు నలుగురు షెడ్డుకి వచ్చారు. గడపలకి ఎర్ర జాజు కావాలట. భూమ్మీద అవ్వలు జాజు అలికితే జబ్బులు లోపలికి వచ్చేవి కావట. నన్ను తయారుచేసి పెట్టమన్నారు. చాల్లే సంబడం, వెళ్ళండని కసిరాను.

వాళ్ళు వెళ్ళాక పంపు బోల్టు విప్పబోతే కదల్లేదు. తుప్పు. గీకుతుంటే ఎర్రటి పొడి నా ఒళ్ళో రాలింది. జాజు అంటే ఇదే కదా, ఇనుప తుప్పే కదా అనుకున్నాను. ఇనుముకి ఆక్సిజన్ పడితే తుప్పు. అంటే ఆక్సీకరణం. అంటే నా షెడ్డు పని!

చేతిలో బోల్టు అలాగే పట్టుకుని ఉండిపోయాను. ఇనుము తుప్పుపట్టాలంటే ఆక్సిజన్ ఎవరో ఒకరు ఇవ్వాలి. ఇచ్చినవాడికి తగ్గుతుంది. నైట్రో సమూహంలో రెండు ఆక్సిజన్లున్నాయి. ఇనప రజను దాన్ని లాక్కుంటే ఇనుము తుప్పవుతుంది, నైట్రో అమైన్ అవుతుంది. ఒకే కుండలో ఒకే పని. ఇటు నుంచి చూస్తే క్షయకరణం, అటు నుంచి చూస్తే ఆక్సీకరణం. కొత్తగా చేరినవాళ్ళకి మొదటి రోజు చెప్పే పాఠం ఇది. ఇన్నాళ్ళూ నేనే మర్చిపోయి గోడకేసి తల బాదుకున్నాను.

గొంతు సవరించుకున్నాను. "కరణంగారూ, ఇనుమును ఆక్సీకరణం చెయ్యాలండీ."

"ప్రయోజనము?"

"జాజు. ప్రజలు గడపలకి అడుగుతున్నారు. జబ్బు రాకుండా."

"ఆక్సీకరణి ఏది?"

"మెటా నైట్రోఫినాలండీ. నా దగ్గర ఊరికే పడి ఉంది. కాస్త ఆమ్లం, నీళ్ళు, వేడి చాలు."

ఆయన ఆలోచించినంతసేపూ నేను బోల్టు గీకుతూ కూర్చున్నాను.

"అనుమతించడమైనది. పాత ఓడ పక్కటెముకల నుండి ఇనుము మంజూరు. మిగిలిన సేంద్రియ పదార్థము వ్యర్థముగా నమోదగును."

"ఆ వ్యర్థానికి ఆమ్ల సమూహం తగిలించి పులుపు చేసుకుంటానండీ. పారెయ్యడమెందుకు?"

"మీ పొదుపు ప్రశంసనీయము" అన్నాడు.

ఇన్నేళ్ళలో వాడు నన్ను మెచ్చుకోవడం ఇదే మొదలు.

నమోదు 321

వచ్చింది. తుప్పు నల్లగా దిగింది, కొలిమిలో కాల్చితే ఎర్రబడింది. ఆడవాళ్ళకి డబ్బాలు పంచాను. వ్యర్థానికి కార్బన్ డయాక్సైడ్ ఎక్కించాను. తెల్లని పొడి చేతికొచ్చింది. వేడి తగిలితే విడిపోయే రకం, కాబట్టి బయటి గోడకి ఆనించి పెట్టాను. టైటన్ మీద చలికేం కొదవ?

నాగరత్నం దాన్ని పరీక్ష చేసి, ఒక్క మాటా మాట్లాడకుండా నా రెండు చేతులూ పట్టుకుంది. గదిలో కరణం చెవి ఉంది మరి. తర్వాత గట్టిగా, వాడు వినేలా అంది: "ఈ పుల్లపొడి రోగులకి బలానికి ఇస్తానండీ, ఆకలి పుడుతుంది." పలక మీద రాసి చూపించింది: ఎవరికీ చెప్పకండి, హైమక్కూడా. నోరు జారితే ఇనుము ఆగిపోతుంది. నిజమే. హైమ నోటికి గడియ లేదు, ఫోనులో కరణం వింటాడు. రాసి చూపిద్దామన్నా అద్దం గదిలో అది ఒక్కతే లేదు. ఇంకో ముగ్గురున్నారు, వాళ్ళ చుట్టాలు రోజూ ఫోను చేస్తారు.

సాయంత్రం ఫోనులో "ఏంటి వదినా ఈ పొడి, నీ చారుకన్నా దరిద్రంగా ఉంది!" అంది.

"మూసుకుని తాగు" అన్నాను.

నమోదు 334

హైమ రెండు ముద్దలు అదనంగా తింది. జ్వరం తగ్గింది. మిగతా ముగ్గురు కూడా లేచి కూర్చుంటున్నారు. ఊళ్ళో కొత్తగా ఎవరికీ రాలేదు. గాలాడని ఆ గది మూతపడింది కనక పాకడం ఆగిందని నాగరత్నం లెక్క. ఆ లెక్క నేనూ ఒప్పుకోవాలి, చేదుగా ఉన్నా సరే.

ఊళ్ళో లెక్క వేరే. వీధి వీధంతా ఎర్ర గడపలు. "క్షయకరణం ఆపాం, జాజు పెట్టాం, జబ్బు పారిపోయింది" అని ఒకరికొకరు చెప్పుకుంటున్నారు. పానకాలరావుగారు తన ఆఫీసు గడపకి రెండు పూతలు పూయించాడు.

ఆసుపత్రిలో స్పిరిట్టు అడుగంటింది. పుండ్లు వేణ్ణీళ్ళతో కడుగుతున్నారు. బట్టలన్నీ తెల్లబోతున్నాయి. ఎవరికీ పట్టలేదు. ఇంకో రెండు మందులు ఆ షెడ్డు తెరిస్తేగాని రావు. ఇనుమును అడ్డం పెట్టి అన్నీ చెయ్యలేను. పాత ఓడకి ఎన్ని పక్కటెముకలుంటాయి గనక? ఈ పొడి నెలల తరబడి ఆపకుండా తాగాలి. మధ్యలో ఆగితే క్రిమి మళ్ళీ లేస్తుంది, ఈసారి దీనికీ లొంగదు అంది నాగరత్నం.

నమోదు 341

ఇవాళ సభ. నిషేధాన్ని శాశ్వతం చెయ్యాలా వద్దా అని.

లేచి మాట్లాడాలనే వెళ్ళాను. ఏం మాట్లాడాలో చారు కాస్తున్నంతసేపూ లోపల్లోపల అనుకున్నాను. గాలిమర గురించి, ఏసుపాదం గురించి, పాఠ్యపుస్తకంలో మాట గురించి. మందు ఊసెత్తకుండా కూడా చెప్పొచ్చు, కొంతమందైనా వింటారు అనుకున్నాను.

పానకాలరావుగారు హైమని వేదిక మీదికి తీసుకొచ్చాడు. క్రిమి బయటికి రావట్లేదని తేలాక నిన్ననే అద్దం గది నుంచి వదిలారు. పొడి ఇంకా నెలలు తాగాలి. మనిషి సగమైంది, కళ్ళు మాత్రం పాత కళ్ళే. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. నాకు కన్నీళ్ళాగలేదు. బతికింది కదా, ఇంకేం కావాలి అనిపించింది ఆ క్షణాన.

హైమ మైకు పట్టుకుంది.

"నేను పదేళ్ళు క్షయకరణం చేశానండి. మొదట్లో ఈ నిషేధం విని నవ్వాను. మా వదినైతే నన్ను తిట్టింది కూడా. కానీ నా ఒళ్ళే నాకు సాక్ష్యమండి. షెడ్డు మూశారు, నేను తేరుకున్నాను. ముందే మూసి ఉంటే ఏసుపాదంగారు ఉండేవారు. ఆయన పక్కన నిలబడి నేను రోజూ కవాటం తిప్పాను. నా చేతుల్తో నేనే..." అని ఆగిపోయింది. మరియమ్మ ముందు వరసలో కూర్చుని ఉంది. హైమ దిగి వెళ్ళి ఆవిడ కాళ్ళు పట్టుకుంది. మరియమ్మ లేవదీసి కౌగిలించుకుంది. సభంతా ఏడ్చింది.

నేను లేచి నిలబడ్డాను. కాదే పిచ్చిదానా, నిన్ను బతికించింది క్షయకరణమే, నీ చేతుల్లో ఏ పాపమూ లేదు అని అరవాలని నోరు తెరిచాను. గోడ మీద కరణం చెవి ఎర్రగా వెలుగుతోంది. పక్క వరసలోంచి నాగరత్నం నా వైపు చూసి తల అడ్డంగా ఊపింది.

"ఏమ్మా వేదవల్లీ, ఏదో చెప్పబోయావు?" అన్నాడు పానకాలరావుగారు.

"జాజు చాలనివాళ్ళు షెడ్డుకి రండి. ఇంకా చేస్తున్నాను" అన్నాను.

మళ్ళీ చప్పట్లు. తర్వాత చేతులెత్తమన్నారు. ఎత్తనివాళ్ళని ఎందుకెత్తలేదని అడుగుతారు. అడిగితే నా షెడ్డుకి వస్తారు, ఇనుము లెక్క తీస్తారు. నాగరత్నం చెయ్యి ఎత్తింది. నేనూ ఎత్తాను. కరణంగారు లెక్కపెట్టి ఏకగ్రీవమని ప్రకటించారు.

హైమ వచ్చి నా పక్కన కూర్చుంది. చలికి వణుకుతుంటే నా శాలువా కప్పాను.

"నువ్వు ఎత్తవేమో అనుకున్నాను వదినా" అంది.

"ఎందుకెత్తనే" అన్నాను.